పడవల ఫ్యాక్టరీలో ఏ దేశం జీతం నిజంగా పెరిగింది?

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర ఒక ఊరు. నాకు 26 ఏళ్లు. ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాను. నాలుగేళ్లుగా హనుమకొండ దగ్గర ఒక ఫైబర్ షెడ్డులో పని చేస్తున్నాను. నీళ్ల ట్యాంకులు, డోర్లు, బాత్‌రూమ్ ప్యానెళ్లు చేస్తాం. చెరువుల్లో తిప్పే పెడల్ బోట్లు కూడా కొన్ని చేశాం, చాలావాటికి రిపేర్లు చేశాం. నెలకు 17 వేలు ఇస్తారు. జగిత్యాల ఏజెంట్ ఒకాయన దుబాయ్ వైపు యాట్‌లు (విలాస పడవలు) తయారుచేసే కంపెనీలో పని ఉందంటున్నాడు. 1,100 దిర్హామ్‌ల బేసిక్, 300 తిండికి, రూమ్ ఫ్రీ, ఓటీ వేరే అన్నాడు. లక్షా 20 వేలు అడుగుతున్నాడు. మా బావ పోలండ్‌లో గోదాంలో చేస్తున్నాడు. అక్కడ పడవల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయని, జీతాలు ఏటా పెరుగుతున్నాయని, నాలుగున్నర లక్షలు పెట్టుకుంటే రావచ్చని అంటాడు. ఫోన్‌లో చూస్తే అమెరికాలో బోట్ బిల్డర్‌కు ఏడాదికి 40 లక్షలని ఉంది. ఈ పనికి ఏ దేశంలో జీతాలు పెరుగుతున్నాయి? ఎక్కడికి పోతే మంచిది? ఇంట్లో చెల్లె పెళ్లి ఉంది. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తమ్ముడూ, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఏజెంట్ ఇప్పుడు చెప్పిన షరతుల మీద లక్షా 20 వేలు కట్టి వెళ్లొద్దు. గల్ఫ్ వద్దని కాదు, పడవల పని వద్దని అసలే కాదు. నీ చేతిలో ఉన్న పనికి ఆ ఆఫర్ తక్కువ. పెళ్లి ఖర్చు ముందు పెట్టుకుని ఆలోచిస్తే తొందరలో సంతకం పెట్టేస్తారు. అందుకే ఈ మాట ముందే చెప్పాను.

ఏ దేశంలో జీతాలు పెరుగుతున్నాయని అడిగావు. నువ్వు చెప్పిన మూడింటిలో నిలకడగా, నిజంగా పెరిగింది పోలండ్‌లోనే. కానీ జీతం పెరిగిందా లేదా అన్నది మూడు రకాలుగా చూడాలి. అక్కడి డబ్బులో అంకె పెరిగిందా, అక్కడి ధరలు పోను పెరిగిందా, ఇంటికి పంపినప్పుడు రూపాయల్లో పెరిగిందా. ఈ మూడూ ఒకేలా ఉండవు. గల్ఫ్ విషయంలో మన ఉత్తర తెలంగాణ ఇళ్లు మోసపోయేది ఇక్కడే.

యూఏఈ దిర్హామ్‌ను 1997 నుంచి అమెరికా డాలర్‌కు కట్టేశారు. ఒక డాలర్‌కు 3.6725 దిర్హామ్‌లు, అది మారదు. మారేది మన రూపాయి. 2010లో దిర్హామ్ 12 రూపాయల చిల్లర ఉండేది, ఇప్పుడు దాదాపు 24. అంటే జీతం వెయ్యి దిర్హామ్‌ల దగ్గరే ఆగిపోయినా, ఇంటికి అప్పుడు 12 వేలు వచ్చేవి, ఇప్పుడు 24 వేలు వస్తాయి. ఇంట్లోవాళ్లకు జీతం రెట్టింపైనట్టు కనిపిస్తుంది. కంపెనీ మాత్రం ఒక్క దిర్హామ్ కూడా పెంచలేదు. పైగా 2010లో 12 వేలతో గడిచిన ఇల్లు ఇవాళ 24 వేలతో గడవదు. మీ ఊళ్లో పదిహేనేళ్ల కింద దుబాయ్ పోయినవాళ్లు ఉంటారు. అప్పటి బేసిక్ ఎంతో వాళ్లను అడిగి, నీ 1,100 పక్కన పెట్టి చూడు.

అక్కడ అంకె కదలకపోవడానికి కారణం ఉంది. యూఏఈలో విదేశీ కార్మికులకు ఇంత తక్కువ కాకూడదు అనే కనీస వేతనం అంకె చట్టంలో లేదు. మన ప్రభుత్వం గల్ఫ్ ఉద్యోగాలకు పెట్టే రెఫరల్ వేతనం, అంటే కనీసం ఇంత ఇవ్వాలనే అంకె, ఒక ఆసరా. దాన్ని కూడా 2020 సెప్టెంబర్‌లో బాగా తగ్గించారు. దాని మీద మన తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది, 2021లో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. మన ప్రాంతం వాళ్లు అడిగారు కాబట్టే అది ఆగింది.

ఇప్పుడు నీ ఆఫర్ లెక్క వేద్దాం. 1,400 దిర్హామ్‌లు అంటే దాదాపు 33,600 రూపాయలు. తిండికి, ఫోన్‌కు, మందుబిళ్లకు 500 పోయినా 900 మిగులుతాయి, అంటే 21 వేల పైచిలుకు. ఇక్కడ 17 వేలలో ఇంటి తిండి తింటూ ఓ తొమ్మిది పది వేలు మిగులుతాయనుకుందాం. తేడా నెలకు 12 వేలు. లక్షా 20 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చావంటే మొదటి నెలలో వడ్డీయే 3,600. అసలు, వడ్డీ రెండూ ఆ తేడాతో తీరేసరికి ఏడాది దాటుతుంది. రెండేళ్ల కాంట్రాక్టులో సగం ఏజెంట్ కోసమే పని చేసినట్టు.

ఓటీ మాట చాలామందిని ఊరిస్తుంది. యూఏఈ చట్టం ప్రకారం ఓటీని బేసిక్ మీద లెక్కగడతారు. గంట బేసిక్‌కు 25 శాతం కలుపుతారు, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం. 1,100 బేసిక్‌కు గంటకు నాలుగున్నర దిర్హామ్‌ల చిల్లర. 25 శాతం కలిపితే ఆరు కూడా కాదు. రోజూ రెండు గంటల చొప్పున నెలంతా చేస్తే 300 దిర్హామ్‌లు. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే: మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్. కాబట్టి మొత్తం జీతం ఒకటే అయినా, బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు ఎక్కువ చూపిస్తే నీకు నష్టం. అలవెన్స్ పెంచమనకు, బేసిక్ పెంచమని అడుగు.

ఇక పోలండ్. మీ బావ చెప్పింది నిజం. అక్కడ ఈశాన్యంలో మజూరీ సరస్సుల చుట్టుపక్కల, ఔగుస్తూవ్ లాంటి పట్టణాల్లో, చిన్న మోటార్ బోట్ల తయారీ పెద్ద పరిశ్రమ. వాటిలో చాలావాటిని ఫ్రెంచ్, అమెరికన్, స్కాండినేవియన్ బ్రాండ్ల పేర్లతో అమ్ముతారు. ఆ పరిశ్రమ పెరిగిందే చవక కూలీతో. 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక లక్షల మంది పనివాళ్లు బ్రిటన్‌కు, జర్మనీకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు గిరాకీ పెరిగింది. 2015లో నెలకు 1,750 జ్లోటీలున్న (జ్లోటీ అంటే పోలండ్ డబ్బు) కనీస వేతనం 2025లో 4,666 అయింది. ఆ పదేళ్లలో ధరలూ పెరిగాయి కానీ జీతం అంతకంటే ఎక్కువ పెరిగింది. పైన చెప్పిన మూడు కొలతల్లోనూ పెరిగిన జీతమంటే ఇదీ.

4,666లో పన్ను, బీమా కోతలు పోను చేతికి వచ్చేది 3,510 దాకా, మన లెక్కలో 80 వేల పైన. మంచం అద్దె, తిండి, చలిబట్టలు పోను పొదుపుగా ఉండేవాడు 40 వేల పైచిలుకు మిగుల్చుకోగలడు. కానీ నాలుగున్నర లక్షలకు నూటికి మూడు చొప్పున వడ్డీ నెలకు 13,500. మిగిలేదాంట్లో మూడో వంతు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పోలండ్ వీసాలకు డబ్బులు తీసుకున్నారన్న కుంభకోణం 2023లో బయటపడింది, అందులో మన దేశం నుంచి వెళ్లే దరఖాస్తుల మాట కూడా వచ్చింది. తర్వాత తనిఖీ బిగించారు. డబ్బు కట్టాక వీసా రాకపోతే ఆ అప్పు మీ నాన్న మీద పడుతుంది. అక్కడ చాలామందిని ఫ్యాక్టరీ నేరుగా తీసుకోదు, మధ్యలో ఒక ఏజెన్సీ ఉంటుంది. కాంట్రాక్టు మీద ‘ఉమోవా ఓ ప్రాత్సె’ అని ఉంటే అది పూర్తి ఉద్యోగం: సెలవులు, నోటీసు, రక్షణ అన్నీ ఉంటాయి. ‘ఉమోవా జ్లెత్సెనియా’ అని ఉంటే పని ఉన్నన్ని గంటలకే డబ్బు. మీ బావ కాంట్రాక్టు మీద ఏముందో ఫోన్ చేసి అడుగు. ఈ పరిశ్రమలో ఆ తేడా ఎందుకంత ముఖ్యమో అమెరికా సంగతి చూస్తే తెలుస్తుంది.

ఫోన్‌లో చూసిన 40 లక్షలు అబద్ధం కాదు. ఏడాదికి 45 వేల డాలర్లను రూపాయల్లోకి మారిస్తే అంతే వస్తుంది. కానీ అది అక్కడి అద్దెలు, అక్కడి ఆసుపత్రి ఖర్చుల మధ్య బతికేవాడి జీతం, నీలాంటివాడికి ఆ పనికి నేరుగా వీసా దారి కూడా లేదు. కొన్ని వెబ్‌సైట్లు ఓడల తయారీని, సరదా పడవల తయారీని కలిపి సగటు చూపిస్తాయి. ప్రపంచ దేశాల లెక్కల్లో ఓడలకు 3011, సరదా పడవలకు 3012 అని వేరువేరు కోడ్‌లున్నాయి, మన దేశంలోనూ అంతే. ఓడల యార్డులో ఉక్కు వెల్డర్ జీతం చూసి అది ఫైబర్ పొరలు పరిచే లామినేటర్ జీతం అనుకోవద్దు.

అమెరికాలో అసలు కథ జీతం అంకెలో కనిపించదు, పని ఉండటంలో కనిపిస్తుంది. సరదా పడవ ఎవరికీ అవసరం కాదు. డబ్బు బిగుసుకుంటే జనం ముందు మానేసేది దాన్నే. 1991లో పడవ ధరలో లక్ష డాలర్లు దాటిన భాగం మీద అక్కడి ప్రభుత్వం 10 శాతం విలాస పన్ను వేసింది. కొనుగోళ్లు పడిపోయాయి, వేలమంది పడవల కార్మికుల ఉద్యోగాలు పోయాయి, చివరికి 1993లో ఆ పన్నును ఎత్తేశారు. ధనవంతుల మీద వేసిన పన్ను మొదట తగిలింది మౌల్డ్ (పడవను పోసే అచ్చు) దగ్గర రోలర్ పట్టుకున్నవాడికి. 2008 మాంద్యంలో మళ్లీ అదే జరిగింది. 2020లో కోవిడ్ వచ్చి జనం బయట తిరగడానికి దారులు వెతికినప్పుడు, కొత్త మోటార్ బోట్ల అమ్మకాలు 3 లక్షల 10 వేలు దాటాయి, పనివాళ్లు దొరక్క కంపెనీలు గంటకు ఎక్కువిచ్చి పిలిచాయి. తర్వాత వడ్డీ రేట్లు పెరిగేసరికి 2023 నుంచి ఉత్పత్తి తగ్గించారు. గంట రేటు తగ్గలేదు, గంటలు తగ్గాయి. అందుకే ఏ దేశమైనా గంటకు ఎంత అని అడిగి ఊరుకోకు. వారానికి ఎన్ని గంటలకు కాంట్రాక్టులో హామీ ఉందో కూడా అడుగు.

ఇటలీ, టర్కీ పేర్లు కూడా ఏజెంట్లు చెప్తుంటారు, క్లుప్తంగా చెప్తాను. పెద్ద విలాస యాట్‌లలో ఇటలీ ప్రపంచంలో ముందుంది. కానీ అక్కడ చట్టబద్ధ కనీస వేతనం లేదు, యూనియన్ల ఒప్పందాలే ఆధారం. ధరలు పోను చూస్తే 1990 నుంచి 2020 మధ్య ఇటలీ సగటు జీతం పెరగకపోగా మూడు శాతం దాకా తగ్గింది. యార్డు పేరు పెద్దదే అయినా చాలా పని సబ్‌కాంట్రాక్టర్ల చేతిలో ఉంటుంది, జీతమిచ్చేది వాళ్లే. టర్కీలో 2024 జనవరిలో 17,002 లీరాలుగా పెట్టిన కనీస వేతనం డిసెంబర్ దాకా అలాగే ఉంది, ఆ ఏడాది ధరలు 44 శాతం పెరిగాయి. 2021 మొదట్లో పది రూపాయలున్న లీరా ఇప్పుడు రెండు రూపాయల చిల్లర. జనవరిలో ఒప్పుకున్న జీతం డిసెంబర్‌కు ఎంత కరిగిపోతుందో ఊహించుకో.

దేశాల సంగతి చాలు. నీకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పడవల పనిలో దేశానికి దేశానికి ఉన్నట్టే, ఒకే షెడ్డులో పనికి పనికి మధ్య కూడా జీతంలో చాలా తేడా ఉంటుంది. నీ ఆఫర్‌లో హోదా ఏమని రాశారో నువ్వు చెప్పలేదు. ఆ జీతం చూస్తే ‘హెల్పర్’ అని ఉంటుందని నా అనుమానం.

గ్రైండింగ్, పాలిషింగ్, మోసుకెళ్లడం అట్టడుగున ఉంటాయి. వాటిపైన లామినేటర్: ఫైబర్ మ్యాట్ పరిచి, గట్టిపడే జిగురు లాంటి రెజిన్ కొట్టి, రోలర్‌తో గాలి బుడగలు తీసేవాడు. నువ్వు నాలుగేళ్లుగా చేస్తున్నది అదే. దానిపైన జెల్‌కోట్ స్ప్రేయర్. పడవకు బయట కనిపించే మెరుపు పొరను మౌల్డ్‌లో మొట్టమొదట కొడతారు. దాని మందం అర మిల్లీమీటర్ అటూ ఇటూ ఉండాలి. పలచబడితే కింద మ్యాట్ అచ్చు కనిపిస్తుంది, ఎక్కువైతే పగుళ్లొస్తాయి, లోపల గాలి చిక్కితే గుంటలు పడతాయి. ఆ తప్పు పడవ మౌల్డ్‌లోంచి బయటికి వచ్చాక గాని తెలియదు. అందుకే మంచి స్ప్రేయర్‌ను ఏ కంపెనీ అంత తేలిగ్గా వదులుకోదు. ఇంకా పైన వాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్ తెలిసినవాడు. పొడి ఫైబర్ గుడ్డను మౌల్డ్‌లో పరిచి, పైన ప్లాస్టిక్ సంచి బిగించి, పంపుతో గాలి లాగేసి, ఆ ఒత్తిడితో రెజిన్‌ను లోపలికి తీసుకుంటారు. ఎక్కడో సూది మొనంత లీకు ఉన్నా గంటలో మొత్తం హల్ (పడవ ఒడలు) పాడైపోతుంది. పైపులు ఎక్కడ పెట్టాలి, రెజిన్ ఎటు పారుతుంది, ఎంత సేపట్లో గట్టిపడుతుంది అన్నది తెలిసినవాడికి దుబాయ్‌లోనూ పోలండ్‌లోనూ హెల్పర్ రేటు చెప్పి ఒప్పించలేరు. మౌల్డ్ తయారుచేసేవాడు, లోపలి చెక్క పని చేసే వడ్రంగి, పడవ వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్ కూడా ఈ పై వరుసలోనే ఉంటారు.

ఈ ఇన్‌ఫ్యూజన్ ఇంతగా పెరగడానికి ఒక కారణం నీ ఆరోగ్యానికీ సంబంధించింది. మీ షెడ్డులో ముక్కు మండించే రెజిన్ వాసన స్టైరీన్‌ది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దాన్ని బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. పడవల ఫ్యాక్టరీల నుంచి ఈ ఆవిరి ఎంత వెలువడొచ్చో అమెరికా 2001లోనే పరిమితి పెట్టింది. దాంతో అక్కడ ఇన్‌ఫ్యూజన్ లాంటి మూసిన మౌల్డ్ పద్ధతులు పెరిగాయి, ఆ పని తెలిసినవాళ్ల విలువా పెరిగింది. రూల్స్ గట్టిగా లేని చోట్ల తెరిచిన మౌల్డ్ మీద, తక్కువ జీతానికి, ఎండాకాలపు షెడ్డులో ఆ పని ఇంకా నడుస్తోంది. కాబట్టి ఆఫర్ వచ్చినప్పుడు ఓపెన్ మౌల్డా, ఇన్‌ఫ్యూజనా, షెడ్డులో గాలి లాగే ఫ్యాన్లున్నాయా అని అడగడం కూడా జీతం గురించి అడగడమే. ఈలోగా ఇక్కడ కూడా నోటికి దస్తీ కట్టుకుని పని చేయొద్దు. కార్బన్ కాట్రిడ్జ్ ఉండే మాస్క్ కొనుక్కో, కాట్రిడ్జ్‌లు సమయానికి మార్చు.

మరి ఏం చేయాలి? నన్నడిగితే ఏడాది ఆగి ఇన్‌ఫ్యూజన్, జెల్‌కోట్ నేర్చుకో. మనకు సముద్రం లేదే అని అనుకోవద్దు. అమెరికాలోనే ఇండియానా, టెనెసీ లాంటి సముద్రం లేని రాష్ట్రాల్లో బోట్ల ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి, ట్రైలర్ మీద రోడ్డున పంపేస్తారు. మన దేశంలో ఇన్‌ఫ్యూజన్ పెద్ద ఎత్తున జరిగేది గాలిమరల రెక్కల ఫ్యాక్టరీల్లో. చెన్నై చుట్టుపక్కలా, గుజరాత్‌లోనూ ఉన్నాయి. లామినేషన్‌లో నాలుగేళ్ల అనుభవం ఉన్న ఐటీఐ కుర్రాడిని వాళ్లు కాదనరు. జీతం మొదట్లో నీ 17 వేలకు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, రూమ్ అద్దె కూడా పడుతుంది. అయినా అక్కడ నేర్చుకున్న పని పడవల ఫ్యాక్టరీలో నేరుగా అక్కరకొస్తుంది. హైదరాబాద్ చర్లపల్లిలో ఉన్న ప్లాస్టిక్ పనుల శిక్షణ సంస్థ సిపెట్‌లో మౌల్డులకు, ప్లాస్టిక్‌లకు సంబంధించిన కోర్సులున్నాయి, వెళ్లి కనుక్కో. ఇప్పుడు చేస్తున్న షెడ్డు నుంచి ‘లామినేటర్’ అని రాసిన అనుభవ పత్రం, చేసిన బోట్ల ఫోటోలు దగ్గర పెట్టుకో. ట్రేడ్ టెస్ట్‌కు, అంటే పని చేయించి చూసే పరీక్షకు పిలిచినప్పుడు నీ తరఫున మాట్లాడేవి అవే.

ఏడాది ఆగడం కుదరదు, ఇప్పుడే వెళ్లాలి అంటే అదీ అర్థం చేసుకోగలను. అలాగైతే ఏజెంట్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉన్నాయో లేవో ముందు చూడు. రిజిస్టరైన ఏజెంట్ కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. యూఏఈ చట్టం ప్రకారమైతే నియామకం ఖర్చు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. కాబట్టి లక్షా 20 వేలు రెండు దేశాల చట్టాలకూ విరుద్ధం. నువ్వు టెన్త్ దాటావు కాబట్టి పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ అయి ఉంటుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అందుకే నీలాంటివాళ్లను విజిట్ వీసా మీద పంపేయడం కొందరు ఏజెంట్లకు సులువు. ఉద్యోగ వీసా చేతికి రాకుండా, విజిట్ మీద వెళ్లాక మార్చుకోవచ్చు అన్నారంటే అక్కడితో ఆగిపో. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాలకు అది కూడా రిజిస్టరైన ఏజెన్సీయే. అక్కడ పేరు నమోదు చేసుకో. అనుమానాలుంటే కేంద్ర ప్రభుత్వ ప్రవాసీ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800 11 3090కి ఫోన్ చెయ్యి.

చెల్లె పెళ్లి గురించి ఒక మాట. దుబాయ్ డబ్బు వస్తుందనుకుని ముహూర్తం పెట్టుకోవద్దు. ఈ ఆఫర్‌తో మొదటి ఏడాది ఇక్కడికంటే అదనంగా నీ చేతిలో మిగిలేది అప్పు తీర్చడానికే సరిపోతుందని పైన లెక్క చూశావు కదా. ఆ లెక్క అమ్మానాన్నల ముందు కాగితం మీద వేసి చూపించు. పెళ్లికి ఒక అప్పు, ఏజెంట్‌కు ఒక అప్పు ఒకే ఏడాది చేయొద్దు.

ఏజెంట్‌ను రెండు అడుగు: కాంట్రాక్టులో హోదా ఏమని రాస్తారు, ఇచ్చిన డబ్బుకు రసీదు ఇస్తారా? ‘లామినేటర్’ అని రాసి, బేసిక్ 1,600 దాకా పెంచి, చట్టం చెప్పిన 30 వేలు, జీఎస్టీకే రసీదు ఇస్తానంటే అప్పుడు నా మాట మారుతుంది, వెళ్లు అంటాను. ఆఫర్ లెటర్ చేతికొస్తే సంతకం పెట్టకముందే, నీ పేరు, పాస్‌పోర్టు నంబర్ కొట్టేసి కాపీ పంపు. చదివి రాస్తాను.